హెన్రీ ఫుట్‌ను వెతుక్కుంటూ బిళ్లసర్గానికి

మొదటి రోజు

డోన్ బస్టాండులో మా మేనమామ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. బస్సు ఆలస్యంగా వచ్చినా ఆయన మాత్రం చెప్పిన టైముకే ఉంటాడు. "ముందు టిఫిన్ చెయ్యి అల్లుడా, మీ దొర సంగతి తర్వాత మాట్లాడదాం" అంటూ నేరుగా ఉగ్గాని బండి దగ్గరికి తీసుకుపోయాడు. పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండిన ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. కర్నూలు సీమలోకి అడుగుపెట్టానని నా నాలుకకు తెలిసేది ఆ మొదటి ముద్దతోనే.

మామ "మీ దొర" అన్నది హెన్రీ బ్రూస్ ఫుట్‌ను. ఫోన్ చేసినప్పుడల్లా ఆ పేరు ఎత్తుతుంటాను కాబట్టి ఆయనకు అలవాటైపోయింది. చరిత్ర చదివినవాళ్లకు ఫుట్ అంటే తండ్రి రాబర్ట్ బ్రూస్ ఫుట్ గుర్తొస్తాడు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో భూవిజ్ఞాని. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక రాతి పనిముట్టును ఏరి, ఈ దేశంలో పాత రాతియుగపు మనుషులు బతికారని మొదటిసారి చూపించినవాడు. భారతీయ ప్రాక్‌చరిత్రకు పితామహుడు అంటారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. కానీ బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహల్లో మట్టి తవ్వించి, ఎముకలు వేరుచేసి, ఏ పొరలో ఏది దొరికిందో రాసిపెట్టిన పనిలో ఎక్కువ భాగం ఆయన కొడుకుది. ఆ కొడుకు రాయల్ ఆర్టిలరీలో లెఫ్టినెంట్. ఫిరంగి దళం మనిషి. తవ్వకాలు ఆయన వృత్తి కాదు.

1884లోనూ 1885లోనూ ఆ పని గురించి జియలాజికల్ సర్వే పత్రికలో వ్యాసాలు వచ్చాయి. ఒకదాని పేరులోనే 'మిస్టర్ హెచ్.బి. ఫుట్ చేసిన పని' అని ఉంది. రాసింది మాత్రం తండ్రి. కొడుకు కష్టం మనదాకా వచ్చింది తండ్రి మాటల్లోనే. మొదటిసారి చదివినప్పుడు నాకు ఎక్కడో కలుక్కుమంది. తండ్రి తప్పు చేశాడని కాదు, కొడుకు పేరు శీర్షికలోనే పెట్టి న్యాయం చేశాడు. తర్వాత వచ్చినవాళ్లు 'ఫుట్ తవ్వకాలు' అని ఒక్కమాటలో తేల్చేశారు, అందులో ఇద్దరూ కలిసిపోయారు. ఆ ఇద్దరిలో రెండోవాడి కోసం నేను సెలవు పెట్టుకుని వచ్చాను.

సాయంత్రానికి బేతంచెర్ల చేరాం. ఊరి పొలిమేర నుంచే రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల దొంతరలు. కోత మిషన్ల చప్పుడు చెవుల్లో నిండిపోయింది. చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము. మా చిన్నప్పటి ఇంట్లో పరిచిన బండలు ఇక్కడివే. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ చల్లటి బండల మీద చొక్కా విప్పేసి పడుకునేవాళ్లం. నీళ్లకు కరిగి గుహలయ్యేదీ, మన ఇళ్లలో గచ్చు అయ్యేదీ ఈ చుట్టుపక్కల సున్నపురాయే. లాడ్జిలో దిగి, హెల్మెట్లు, లైట్లు, మాస్కులు మంచం మీద పరిచి సరిచూసుకున్నాను. మనిషికి మూడు లైట్లు ఉండాలన్నది గుహల్లో తిరిగేవాళ్ల మొదటి నియమం. మామ తన సంచిలోంచి పాత గార్డు టార్చి తీసి వాటి పక్కన పెట్టాడు. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, మూడు రంగులు వెలిగేది.

"ఇదెందుకు మామా?"

"ఉండనీలే" అన్నాడు.

రెండో రోజు

తెల్లవారకముందే లేచాం. లాడ్జి కుర్రాడికి ఎక్కడికి పోతున్నామో, ఎన్ని గంటలకు తిరిగొస్తామో చీటీ రాసి ఇచ్చాను. సాయంత్రం ఐదు దాటితే ఫోన్ చెయ్యమని, ఫోన్ కలవకపోతే మనుషుల్ని పంపమని చెప్పాను. గుహల్లోకి పోయేవాళ్లు ఈ పని మానకూడదు.

ఊరు దాటాక ఎర్రనేల, ముళ్లకంపలు, మధ్యమధ్య జొన్న చేలు. ఆటో పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం. గొర్రెల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. భుజాన కంబళి, చేతిలో దోటి.

"యాడ నుంచి వచ్చినారు సార్? గవికేనా?"

ఇక్కడివాళ్లు గుహ అనరు, గవి అంటారు. ఆ మాట వినగానే ఫుట్ రాతల్లోని ఒక పేరు గుర్తొచ్చింది. ఎర్రజరి అనే చోటి గుహను ఆయన 'ఎర్రజరి గబ్బి' అని రాసుకున్నాడు. ఆయన చెవికి గవి అలా వినబడి ఉంటుంది. నూట నలభై ఏళ్ల కిందట ఇలాంటి కాపరే ఎవరో చెయ్యి చాపి దారి చూపించి, ఆ మాట పలికి ఉంటాడు. ఇంగ్లీషు అక్షరాల్లో చిక్కుకుపోయిన మన సీమ మాట అది. చదివినప్పుడు రాని సంతోషం, ఆ పెద్దాయన నోట విన్నప్పుడు వచ్చింది.

ఆయన గొర్రెల్ని మనవడికి అప్పగించి మా వెంట వచ్చాడు. బిళ్లసర్గం పేరును ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలుకుతారు. సొరంగం అనే మాటే అలా మారిందని కొందరు, బిలస్వర్గం అని మరికొందరు. ఆయన మాత్రం "సర్గం" అన్నాడు, మధ్యలో ఏ అనుమానమూ లేకుండా.

ముందు గుహ కనిపించదు. నేల ఒక్కసారిగా విరిగి, కింద లోయలాంటి కోన కనిపిస్తుంది. ఒకప్పుడు ఇదంతా పైకప్పు ఉన్న పెద్ద గుహ. కప్పు కూలిపోయి కొంత భాగం ఆకాశానికి తెరుచుకుంది. మిగిలిన గుహలు ఆ కోన గోడల్లో అక్కడక్కడా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కోనలోకి దిగుతుంటే గాలి మారింది. పైన ఎండ చురుక్కుమంటుంటే కింద తడిమట్టి వాసన, చల్లదనం. రాతి చీలికల్లోకి మర్రి ఊడలు దిగి ఉన్నాయి.

ఈ చోటు గురించి మొదట లోకానికి చెప్పింది కెప్టెన్ న్యూబోల్డ్. 1844లో, ఇక్కడి మట్టిలో, గట్టిపడిన రాతి ముద్దల్లో ఎముకలు ఉన్నాయని ఏషియాటిక్ సొసైటీ పత్రికకు రాశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. డార్విన్ వాదానికి గట్టిగా నిలబడిన హక్స్‌లీ, కర్నూలు గుహలను వెతికిస్తే మంచిదని అప్పటి మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు చెప్పాకే పని కదిలింది. ఐరోపా గుహల్లో దొరికినట్టు మనిషి పూర్వీకుల జాడలు ఇక్కడా దొరుకుతాయేమోనని ఆశ. తండ్రి ఫుట్ వచ్చి గుహల్ని గుర్తుపట్టాడు, పని మొదలుపెట్టాడు. తర్వాత కొడుక్కి అప్పగించాడు.

గుహలకు పేర్లు పెట్టింది వీళ్లే. అన్నిటికంటే పెద్దది కెథీడ్రల్. ఇంకొకటి చాప్టర్ హౌస్. ఎముకలు కుప్పలుగా దొరికినది చార్నెల్ హౌస్, అంటే చర్చి పక్కన చచ్చినవాళ్ల ఎముకలు దాచే కొట్టు. మరొకటి పర్గెటరీ. అది క్రైస్తవుల నమ్మకంలో స్వర్గానికి పోయేముందు ఆత్మలు పాపం కడుక్కునే చోటు. జనం బిలస్వర్గం అన్నచోట ఫుట్‌లు పర్గెటరీ అని రాసుకున్నారు. ఊరి పేరులో స్వర్గం ధ్వనిస్తుందని వాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో, ఆ మాట మాత్రం నన్ను రోజంతా వదల్లేదు.

కెథీడ్రల్ గుమ్మంలో నిలబడితే నోట మాట రాలేదు. రాతి కమాను తలెత్తి చూడాల్సినంత ఎత్తు. లోపలికి చాలా దూరం వెలుగు పడుతోంది. పావురాల రెక్కల చప్పుడు కప్పుకు తగిలి తిరిగొస్తోంది. మామ చెప్పులు విప్పాడు. "ఇక్కడ గుడి లేదు మామా" అన్నాను. "ఉంటే ఏంది, లేకుంటే ఏంది" అంటూ దండం పెట్టి, మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

గుహలో తవ్వడమంటే ఏమిటో చెప్పాలి. గుహ నేల మనం అనుకునే నేల కాదు. వాన నీళ్లు మోసుకొచ్చిన మట్టి, కప్పు నుంచి రాలిన రాళ్లు, గబ్బిలాల పెంట, మృగాలు ఈడ్చుకొచ్చిన ఎముకలు, గూబలు కక్కిన ఎలుకల పుర్రెలు, ఇవన్నీ వేల ఏళ్లపాటు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మధ్యలో సున్నపు నీరు చుక్కలుగా కారి గట్టి పెచ్చు కడుతుంది. దాన్ని పగలగొడితే గానీ కింది పొర చేతికి రాదు. గబగబా తవ్వితే పై పొర ఎముక కింది పొరలో పడుతుంది, ఇక ఆ ఎముక చెప్పేది అబద్ధమే. అందుకే ఎంత లోతులో, ఏ రంగు మట్టిలో, దేని పక్కన దొరికిందో రాసుకుంటూ పోవాలి. చేతి టార్చి ఇంకా పుట్టని కాలం. తట్టలతో మట్టిని పగటి వెలుగులోకి మోయించి, జల్లించి, వేలెడంత ఎముక ముక్కను కూడా వదలకుండా చూడాలి. ఫిరంగులు కాల్చడం నేర్చిన మనిషికి ఇంత ఓపిక ఎక్కడిది?

ఆ తట్టలు మోసినవాళ్లు ఎవరన్నది ఇంకో ప్రశ్న. 1876లో వచ్చిన ధాత కరువు ఈ జిల్లాను ఊడ్చిపెట్టేసింది. హెన్రీ తవ్వకం దాని తర్వాత పదేళ్లు కూడా నిండకముందే. గడ్డపార పట్టినవాళ్లలో ఆ కరువును దాటి బతికినవాళ్లు ఉండే ఉంటారు. మనిషి ఎముకను నేల మీద చూసినవాళ్లు, మృగాల ఎముకల్ని నేల లోపల నుంచి తీశారు. హెన్రీ పేరైనా ఒక శీర్షికలో మిగిలింది. వాళ్ల పేర్లు నాకు ఎక్కడా కనిపించలేదు.

పదకొండు గంటలకు చార్నెల్ హౌస్ వైపు కదిలాం. దారి ఇరుకు. గబ్బిలాల పెంట ఎండి దుమ్ముగా లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు చేస్తుంది, అందుకే మాస్కులు. గబ్బిలాలు ఉన్న వైపు లైటు వెయ్యకుండా, గొంతు తగ్గించి నడిచాం. కాపరి పెద్దాయన బయటే ఉండిపోయాడు. లోపల పాతిక అడుగులు పోయామో లేదో, నా తల మీది లైటు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. కొత్తది, నెల కిందట కొన్నది. చేతి లైటు తీద్దామంటే అది బ్యాగు అడుగున ఉంది. చీకటి ముఖానికి తడిగుడ్డ కప్పినట్టయింది. కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. టెన్షన్ పడలేదని చెప్తే అబద్ధం. ఈలోగా వెనక 'టిక్' మని చప్పుడైంది. గుహ గోడంతా ఆకుపచ్చగా వెలిగింది.

మామ గార్డు టార్చి. చీకట్లో బొత్తాం తెలియక ఆకుపచ్చ నొక్కాడు.

ఆ ఆకుపచ్చ వెలుగులోనే నాకు ఆ గోడ కనిపించింది. నా భుజం ఎత్తున, మట్టి పొర ఒకటి నిలువుగా తెగి ఉంది. తెల్ల లైటు వేశాక రంగులు తేలాయి. కింద ముదురు ఎరుపు, దాని మీద బూడిద రంగు, మధ్యలో వేలు మందాన సున్నపు పెచ్చు. ఎరుపులో సన్నటి తెల్ల గీతలు. దగ్గరికి జరిగి, ఊపిరి బిగబట్టి చూశాను. గీతలు కావు, ఎముకలు. బియ్యపు గింజంత పళ్లు వరసగా ఉన్న ఎలుక దవడ ఒకటి, దాని పక్కన అగ్గిపుల్లకంటే సన్నటి కాలి ఎముక. అవి ఎన్ని వేల ఏళ్ల నాటివో ఉత్త కళ్లతో చెప్పలేం. చెయ్యి చాపితే అందేవి. చాపలేదు. "తీసుకోవా?" అన్నాడు మామ. అక్కడ ఉంటేనే దానికి అర్థం, నా అరచేతిలోకి వస్తే అది ఉత్త ఎముక అని చెప్పాను. అలా తెగిన పొరల్ని చూసే గుహ కథ చదువుతారు. ఎవరు తెగ్గోసిన అంచు అది? హెన్రీ మనుషులా, నూటపాతికేళ్ల తర్వాత వచ్చినవాళ్లా, వాన నీళ్లా? తెలియకపోయినా అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు నేల మీద నలుపు తెలుపు పట్టీల ముల్లు ఒకటి కనిపించింది. ఏదుపంది ముల్లు. ఇక్కడే హెన్రీ కథలో చిక్కుముడి ఉంది.

ఆయన తీసిన ఎముకల్లో వందలాది ముక్కలు మనిషి చెక్కి పనిముట్లుగా చేసినట్టు కనిపించాయి. సూదిమొనలు, బాణపు ములుకుల్లాంటివి. తండ్రి వాటిని ఫ్రాన్సు గుహల్లో దొరికిన మగ్దలేనియన్ కాలపు, అంటే పాత రాతియుగం చివరినాటి, ఎముక పనిముట్లతో పోల్చాడు. దేశంలో అలాంటివి అప్పటికి ఇంకెక్కడా లేవు. జంతువుల ఎముకల్ని రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో కర్నూలు గుహల జంతుజాలం మీద గ్రంథం వెలువరించాడు. అందులో ఖడ్గమృగం ఉంది, హైనా ఉంది, బబూన్ జాతి కోతి ఉంది, అంతరించిందని ఆయన అనుకున్న ఓ ఏదుపందీ ఉంది. ఏదుపందులు ఎముకల్ని బొరియలోకి మోసుకుపోయి కొరుకుతాయి. వాటి పంటి గాట్లు పక్కపక్కనే, ఉలితో చెక్కినట్టు పడతాయి. మరి హెన్రీ చేతికి వచ్చినవి మనిషి చెక్కినవా, మృగం కొరికినవా? తేల్చుకుందామంటే ఆ పనిముట్ల సేకరణ తర్వాతి పరిశోధకులకు దొరకలేదు. వస్తువు పోయాక మాటను నమ్మేవాళ్లు తగ్గిపోయారు. చాలా ఏళ్లు ఆ పని మీద అనుమానపు నీడ ఉండిపోయింది.

1970ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఈ చుట్టుపక్కలే ఉన్న ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వారు. అక్కడ ఎముక పనిముట్లు దొరికాయి, రాతి పనిముట్లతో కలిసి. నిప్పు రాజేసిన పొయ్యి జాడ కూడా దొరికింది. దానికి దాదాపు 17 వేల ఏళ్లని లెక్క తేలింది. బిళ్లసర్గం ముక్కల మీద చర్చ దాంతో ముగిసిపోలేదు. కానీ ఈ కొండల్లో మనుషులు ఎముకలు చెక్కారన్న మాట మాత్రం ఉత్తదని కొట్టిపారేసే వీలు పోయింది. నా మట్టుకు నేను హెన్రీ పక్షమే. ఆయన చెక్కినవనుకున్న వాటిలో కొన్ని ఏదుపంది కొరికినవి అయి ఉండొచ్చు. అయినా లోతులు రాసిపెట్టాడు, పొరలు విడదీశాడు. పొరపడినా ఆ పొరపాటును పట్టుకోవడానికి దారి వదిలాడు.

బయటికి వచ్చేసరికి మూడైంది. పెద్దాయన చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె మూట విప్పాడు. మాకూ తలొకటి ఇచ్చాడు, ఎర్రకారం, పచ్చి ఉల్లిపాయతో. లోపల ఏం చూశారని అడిగాడు. ఎలుక దవడ గురించి చెప్తే, "మా గవిలో ఎలుకలు చూసేదానికి ఇంత దూరం వచ్చినారా!" అని నిజంగా ఆశ్చర్యపోయాడు. అప్పుడు హెన్రీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఎన్ని దినాలు తవ్వినాడు ఆ దొర?" అన్నాడు. నెలలు అన్నాను. "నెలలా..." అంటూ కోన వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

ఐదుకు పది నిమిషాల ముందు లాడ్జికి చేరాం. కుర్రాడు చీటీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

మూడో రోజు

పొద్దున్నే కారు మాట్లాడుకుని బనగానపల్లె వైపు బయల్దేరాం. యాగంటిలో ఉమామహేశ్వరుణ్ణి దర్శించుకున్నాం. కొండ గుహల్లోకి మెట్లెక్కి వెళ్లాం. ఫుట్ జాబితాలో యాగంటి గుహలూ ఉన్నాయి. కానీ సెలవు రోజు కావడంతో జనం ఎక్కువ, ఎక్కడా నిలబడి చూసే వీలు లేదు.

జ్వాలాపురంలో మాత్రం ఆగాం. జుర్రేరు లోయలో పొలాల గట్ల మధ్య తెల్లటి బూడిద పొర. ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74 వేల ఏళ్ల కిందట పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద ఇది. ఇక్కడివాళ్లు దీన్ని తవ్వి, గిన్నెలు తోమే పొడిలో కలపడానికి అమ్ముకునేవారు. అప్పట్లో ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యులైన రవి కొరిశెట్టర్, పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల బృందం ఈ బూడిదకు పైన, కింద కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. పక్కనే ముందుకు పొడుచుకొచ్చిన ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్లుగా చిన్నరాతి పనిముట్లు చేసిన ఆనవాళ్లు కూడా తేలాయి.

ఈ బృందమే బిళ్లసర్గానికీ వచ్చింది. ఫుట్‌ల అడుగుజాడల్లోనే నడిచి, కెథీడ్రల్‌లోనూ చార్నెల్ హౌస్‌లోనూ పొరలకు కాలం లెక్కగట్టింది. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండు లక్షల ఏళ్ల పొరల్లో గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 ఈ ఉపఖండంలో ఆ కాలమంతా నిలబడ్డాయట. ఎన్ని కరువులు, ఎన్ని చలికాలాలు గడిచినా, అంత పెద్ద అగ్నిపర్వతం పేలినా. పోయింది ఒక్కటే, బబూన్ లాంటి పెద్ద కోతి. దాని దగ్గరి చుట్టం గెలాడా ఇప్పుడు ఇథియోపియా కొండల్లో ఉంది. హెన్రీ తవ్విన చోట ఇంకా చదవదగ్గ మట్టి మిగిలి ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఐరోపాలో ఆ కాలపు గుహల్ని గోడ నుంచి గోడదాకా ఖాళీ చేసేసిన కథలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ మిగలడం మన అదృష్టం.

మధ్యాహ్నానికి బెలుం. కొలిమిగుండ్ల మండలం. బెలుం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, తెలుగువాళ్లలో సగం మంది చూసే ఉంటారు. 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవొచ్చు. పాతాళగంగ దాకా దిగేసరికి చొక్కా వంటికి అతుక్కుపోతుంది. నేను వచ్చింది ఒక్క హాలు కోసం.

ఆ హాలు పేరు గెబావర్ హాల్. హెర్బర్ట్ డేనియల్ గెబావర్ జర్మన్ గుహాన్వేషకుడు. 1982, 1983లలో తన బృందంతో వచ్చి బెలుంను మూల మూలా కొలిచి పటం గీశాడు. చీకట్లో పాకుతూ, టేపు పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా దిక్కూ వాలూ రాసుకుంటూ. ఊరివాళ్లు చెత్త పారబోసే గుంతగా మిగిలిన చోటును, రాష్ట్ర ప్రభుత్వం తర్వాత శుభ్రం చేయించి 2002లో జనానికి తెరిచింది. కొలిచిన మనిషిని మర్చిపోకుండా ఒక హాలుకు ఆయన పేరు పెట్టారు. ఎవరో చిన్నపిల్ల ఆ పేరును కూడబలుక్కుని చదువుతుంటే వాళ్ల నాన్న "ఎవరు నాన్నా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాడు. నేను కల్పించుకుని చెప్పాను. ఆ పిల్ల రెండోసారి పేరు పలికింది, ఈసారి తడుముకోకుండా.

అలాంటి పలక ఒకటి బిళ్లసర్గం కోనలో లేదు. ఉండాలి. గుహ గోడ మీద కాదు, దానికి మేకు కొట్టకూడదు. బయట, దారి మొదట్లో, న్యూబోల్డ్ పేరు, తండ్రి పేరు, కొడుకు పేరు, మూర్తిగారి పేరు వరసగా. దాని కింద పేర్లు తెలియని కూలీలని ఒక లైను. బేతంచెర్ల నాపరాయి మీదే చెక్కొచ్చు. ఊళ్లో రాయికి కొదవ లేదు, చెక్కేవాళ్లకూ కొదవ లేదు.

నాలుగో రోజు

సాయంత్రం బస్సుకు చాలా టైముంది. మామ అడక్కుండానే అన్నాడు, "ఇంకోసారి పోయొద్దామా సర్గానికి?"

ఈసారి లోపలికి పోలేదు. కోనలోకి దిగి కెథీడ్రల్ గుమ్మం దగ్గర కూర్చున్నాం. ఎనిమిదిన్నరకు ఎండ కమాను కిందికి జారింది. మొదట గుమ్మం రాళ్ల మీద పడి, మెల్లగా లోపలి మట్టి మీదికి పాకింది. వెలుగు పడిన చోట దుమ్ము కూడా తేలుతూ కనిపిస్తోంది. గుమ్మానికి కాస్త లోపల, బల్లలా చదునుగా ఉన్న బండ ఒకటి ఉంది. మామ దాని మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"ఎముకలు ఏరేది ఈడనే అయ్యుంటుంది అల్లుడా. లోపల చీకటి. బయట ఎండకు కళ్లు చెదురుతాయి. ఈడైతే వెలుగు సరిగ్గా ఉంది."

నాకు ఆ ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్లు రైలు వెనక పెట్టెలో కూర్చుని, సిగ్నల్ వెలుగును బట్టి పని చేసిన మనిషికి వచ్చింది. అది నిజమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ ఆ బండ మీద కూర్చుని, తట్టలో వచ్చిన ఎర్రమట్టిని వేళ్లతో వేరుచేస్తూ, దొరికిన పంటిని వెలుగుకు ఎత్తి చూసే కుర్ర లెఫ్టినెంటు నా కళ్ల ముందు మొదటిసారి నిలిచాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయన పక్కన తండ్రి లేడు.

పైన గొర్రెల మెడల్లో గంటలు వినబడ్డాయి. పెద్దాయన అంచు దగ్గరికి వచ్చి కిందికి తొంగిచూసి, పక్కనున్న మనవడితో ఏదో చెప్తున్నాడు. రాతి గోడల మధ్య మాట స్పష్టంగా రాలేదు. మధ్యలో ఒక్క ముక్క మాత్రం కిందికి వచ్చింది.

"...నెలలు తవ్వినాడంట, ఈడనే."

మామ వేరుశనక్కాయల పొట్లం విప్పి బండ మీద పెట్టాడు.